మెరవకూడని పలక

నరసింగరావు ముప్పై నాలుగేళ్లు ఉక్కు ప్లాంటులో లోహం నునుపు చేసే గ్రైండరు పట్టిన మనిషి. ఆయన చేతిలో పడ్డ మసక పలక ఏదీ మసకగా బతికి బట్టకట్టలేదు. రిటైరై ఆ హిందీ ఊళ్లోనే స్మృతి నగర్ ఇంట్లో కూర్చున్నా ఆ దురద తీరలేదు. గుమ్మం గొళ్లెం నుంచి గ్యాసుపొయ్యి దాకా అన్నీ తళతళలాడాల్సిందే. అదే కొంప ముంచింది.

కూతురు రోహిణి డిప్లొమా చదివి, ఇంట్లోనే పెద్ద ఎల్‌ఈడీ దీపాలు చేస్తోంది. లేతు మిషన్ల షాపు యజమాని లక్ష్మీప్రసాద్ ఆమెకి మాటిచ్చాడు: ఇవాళ నాలుగింటికి తెచ్చే దీపం రెండు గంటలు ఆరకుండా వెలిగితే, పన్నెండు మిషన్లకీ ఆమె దీపాలే. లేదంటే ఒకటో తారీకు నుంచి పక్కూరు దుర్గ్‌లో మొబైల్ షాపు కౌంటరే గతి. అది తలుచుకుంటే ఆ పిల్లకి ముద్ద దిగడం లేదు.

అంత దీపం వేడికి, దాన్ని అతికించే మామూలు బోర్డు మాడిపోతుంది. అందుకే అల్యూమినియం పలక మీద రాగిరేకు అతికిస్తుంది. మరి రాగిలో కరెంటు పలకకి పాకకూడదు కదా! పలకని బ్యాటరీ యాసిడ్‌లో ముంచి, కరెంటిచ్చి, పైన బూడిదరంగు పొర పుట్టిస్తుంది. ఆ పొర వేడిని పోనిస్తుంది, కరెంటుని ఆపుతుంది.

పొద్దున్న అలాంటి పలకొకటి ఎండలో ఆరబెట్టి స్నానానికెళ్లింది.

"ఛీ, ఇంత మసకేటి! నా కూతురి సరుకు ఇలాగే బయటికెళ్తాదా?" అని నరసింగరావు గరుకు ఎమెరీ కాగితం తీసి రుద్దాడు. పది నిమిషాల్లో అందులో చూసుకుని మీసం దువ్వుకున్నాడు కూడా.

"నాన్నా! యే క్యా కర్ దియా? ఎంత పని చేశావు!" రోహిణి మీటరు పెట్టింది. అది కుయ్యిమంది. "పొర మొత్తం పోయింది. కరెంటు దూరిపోతోంది."

ఆయనకి తల కొట్టేసినట్టయింది. అయితే సిగ్గుపడి మూల కూర్చునే ఘటమా!

"టైము పదే కదా. ఇంకో పలక ఉందా? ఉంటే ఏడుపెందుకే? ఏటి సెయ్యాలో సెప్పు. ఈయాల నేనే నీ హెల్పర్ని."

పలక కోశాడు, అంచులు ఆకురాయితో నునుపు చేశాడు. యాసిడ్‌లోంచి తీశాక మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. రోహిణి రాగి అతికించి, కరెంటు నడిచే దారులు మాత్రం మిగిల్చి, అక్కర్లేని రాగిని మందునీళ్లలో కరిగించింది. ఆ నీళ్లు అల్యూమినియాన్నీ తినేస్తాయి, అందుకని ముందే వెనకవైపంతా టేపు చుట్టింది. టంకం వేడి పలకే తాగేస్తుందని, బోర్డుని పొయ్యి మీది పెనం మీదే పెట్టి దీపం అతికించింది.

"నా అట్లపెనం గోవిందా!" అంది నూకమ్మ, మొగుణ్ణి గుడ్లురిమి చూస్తూ.

షాపులో నాలుగింటికి వెలిగిన దీపం ఆరు దాటినా రెప్ప వెయ్యలేదు. లక్ష్మీప్రసాద్ దీపం వెనక చెయ్యి పెట్టి చూశాడు. "శభాష్. పన్నెండూ నువ్వే చెయ్యమ్మా." అంటూనే బోర్డు ముందువైపు గోకాడు. "రాగి చుట్టూ మసగ్గా ఉందే? మా కుర్రాళ్లతో కాస్త బఫింగ్ పట్టించి మెరిపిస్తాను."

నరసింగరావు గబుక్కున ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

"చెయ్యి తియ్యండి బాబూ! దాని ప్రాణం ఆ మసకలోనే ఉంది."

జేబులోంచి పొద్దుటి పలక తీసి బల్ల మీద పెట్టాడు. అది అద్దంలా మెరుస్తోంది.

"ఇది నా పనితనం, దేనికీ పనికిరాదు. అది మా అమ్మాయిది."