తడి చేతుల పరీక్ష

నా చేతులు మంచివి. ఈ మాట నేనే చెప్పుకుంటే గొప్పలు పోయినట్టు ఉంటుంది గానీ, మా నర్సింగ్ కాలేజీలో ఎవరినడిగినా ఇదే చెబుతారు. నేను సూది వేస్తే పేషెంటు "అయిపోయిందా?" అని అడగాల్సిందే. ముడత లేకుండా పడక పరచడంలో నన్ను మించినవాళ్లు లేరు. థియరీ అంటే నాకు ఆవలింతలు వస్తాయి. ప్రాక్టికల్ అంటే ముందురోజు నుంచే కాలు ఒకచోట నిలవదు. అలాంటి నేను రెండో సంవత్సరం ప్రాక్టికల్‌లోనే ఫెయిలయ్యాను.

ఎలా ఫెయిలయ్యానో చెబితే మీరు నవ్వుతారు. మా క్లాసంతా నవ్వింది. ఆ రోజు నాకు ఇంజెక్షన్ వచ్చింది. ట్రే సర్దాను, పేషెంటుకు విషయం చెప్పాను, కొళాయి దగ్గరకు వెళ్లి అరచేతులు, వేళ్ల సందులు, గోళ్లు, మణికట్లు పుస్తకంలో ఉన్నట్టే రుద్ది రుద్ది కడిగాను. తిరిగొచ్చి సూది వేశాను. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ సారు కాగితం మీద ఎర్ర గీత గీశారు.

బయటికి రాగానే మా ట్యూటర్ తమిళ్‌సెల్వి మిస్ తల పట్టుకుంది. "చేతులు కడిగి ఏప్రన్‌కు తుడుచుకున్నావు కదా వినుతా!"

"నేనా? లేనే లేదు మిస్!" అని గట్టిగా వాదించాను. వాదించడంలోనూ నన్ను మించినవాళ్లు లేరు. మిస్ నా నడుము వైపు వేలు చూపించింది. తెల్ల ఏప్రన్ మీద కుడిపక్క ఒకటి, ఎడమపక్క ఒకటి, నా రెండు అరచేతులూ తడితడిగా అచ్చుపడి ఉన్నాయి.

తప్పు నాదే. కానీ ఆ చేతులు నన్ను అడిగి చేసే రకం కాదు. తమిళనాడులో, సూళగిరి దగ్గరి మా తెలుగు ఊళ్లో మాకు కొత్తిమీర చేను, మూడు ఆవులు ఉన్నాయి. పదేళ్ల వయసు నుంచి రెండు పూటలా పాలు పిండుతున్నాను. పొదుగు కడగాలి, చేతులు కడగాలి, పావడాకు తుడుచుకుని కూర్చోవాలి. చేతులకు నీళ్లు తగిలితే చాలు, అవి నడుము దగ్గరకు వెళ్లిపోతాయి. ఆ సంగతి నాకు తెలిసేది కూడా కాదు.

అక్టోబరులో మళ్లీ పరీక్ష, కృష్ణగిరి ఆసుపత్రిలో. అందులో గట్టెక్కితే మా బ్యాచ్‌తో పాటు ఆపరేషన్ థియేటర్ పోస్టింగ్‌కు వెళ్తాను. నేను నర్సింగులో చేరిందే ఆ థియేటర్ కోసం. మళ్లీ తప్పితే జూనియర్ల పక్కన కూర్చుని మళ్లీ పడకలు పరచాలి. వాళ్లు నన్ను "అక్కా" అని జాలిగా పిలుస్తారు. ఆ జాలి తలచుకుంటేనే నాకు ఒళ్లు మండేది.

పరీక్షకు ముందు పది రోజులు సెలవులిచ్చారు. ఇంటికి వచ్చి, వచ్చిన పూటే వరండాలో మంచం వేసి దాన్ని వార్డు చేశాను. మా అవ్వ నంజమ్మ పేషెంటు. అవ్వకు డెబ్బయ్యెనిమిదేళ్లు, ఏ జబ్బూ లేదు. ఆ లోటు ఇప్పుడు తీరిందని ఆమెకు మహా సంబరం.

"ఈ పొద్దు నాకి ఏం జబ్బు మే?" అని పొద్దున్నే అడిగేది.

"కాలికి పుండు అవ్వా."

"నిన్న కూడా పుండే కదా! ఈ పొద్దు రొంత పెద్ద జబ్బు పెట్టమ్మా. నీకి ఏమిటికి ఇంత పిసినారితనం?"

ఇక మా నాయన చెన్నకేశవ. ఆయన ఊరి పాల సొసైటీలో టెస్టరు. క్యాను మూత తీసి వాసన చూస్తేనే అందులో ఎన్ని చెంబుల నీళ్లు కలిశాయో చెప్పగలడని మా ఊరి నమ్మకం. స్వంత తమ్ముడి పాలు కూడా వెనక్కి పంపిన మనిషి. అలాంటి మనిషిని నేనే పిలిచి, పరీక్ష కాగితం చేతిలో పెట్టి, ఎగ్జామినర్‌గా కూర్చోబెట్టుకున్నాను. నా ఖర్మ కాకపోతే ఏమిటి?

మొదటి రోజు నాయన తువాలు భుజాన వేసుకుని స్టూలు మీద కూర్చున్నాడు. నేను ఆరుసార్లు చేతులు కడిగాను. ఆరుసార్లూ ఏప్రన్‌కు తుడుచుకున్నాను.

"తుడిచినావు," అనేవాడు నాయన.

"లేదు నాయనా!"

"తుడిచినావు. నా కండ్లు యాడికీ పోలేదు, ఈడనే ఉండాయి."

ఆరోసారికి నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. సబ్బు తీసి గోడకేసి కొట్టి, "నా వల్ల కాదు. ఈ చేతులు నరికి పారేస్తే గానీ పాసు కాను," అని అరిచాను. అవ్వ పుండు సంగతి మరిచిపోయి లేచి వచ్చింది. నాయన సబ్బు వెతికి తెచ్చి, నీళ్లతో కడిగి, మళ్లీ దాని చోట పెట్టాడు.

మర్నాడు పొద్దున నా పాత ఏప్రన్ దండెం మీద లేదు. నాయన చేతిలో ఉంది. అవ్వ తెల్ల బట్టలకు పెట్టే నీలిమందు పొడిని దాని రెండు పక్కలా పట్టించి రుద్దుతున్నాడు.

"ఏం చేస్తా ఉండావు నాయనా?"

"నువ్వు లేదంటావు, నేను అవునంటాను. యాల మనకీ కొట్లాట? ఇంగ ఇదే చెప్తాది."

చెప్పింది కూడా. మొదటిసారి కడిగి మంచం దగ్గరకు వచ్చేసరికి నా రెండు చేతులూ నీలంగా ఉన్నాయి. నేను ఎప్పుడు తుడుచుకున్నానో ఒట్టేసి చెబుతున్నాను, నాకు తెలియదు! ఆ రోజు చేతులు పదకొండుసార్లు నీలమయ్యాయి. అవ్వ కాళ్లు, కట్టుగుడ్డలు, మంచం దుప్పటి, చివరికి మా తెల్లావు పొదుగు దాకా ఆ రంగు పాకింది. అవ్వ ఊరంతా తిరిగి తన నీలి కాళ్లు చూపించుకుంది.

మూడో రోజు ఏడుసార్లు. నాలుగో రోజు మూడు. తుడుచుకోబోయే ముందు క్షణం ఒకటి ఉంటుందని, చేతులు కిందికి దిగబోతూ నడుము దగ్గర కాస్త వెనకాడతాయని ఆ రోజే కనిపెట్టాను. ఇక వాటిని పట్టుకోవడం ఒక ఆటైపోయింది. కడగడం, మోచేతుల దాకా పైకెత్తడం, నీళ్లు కార్చుకుంటూ ట్రే దాకా నడవడం, అక్కడి శుభ్రమైన గుడ్డతో తుడుచుకోవడం. రోజుకు ముప్పై సార్లు చేసినా విసుగు పుట్టలేదు. తొమ్మిదో రోజు నాయన నా అరచేతులు తిప్పి తిప్పి చూశాడు. ఎక్కడా చుక్క నీలం లేదు. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని "పో, పరీక్ష రాసుకో," అన్నాడు. మా నాయన నోటి నుంచి అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఊళ్లో ఎవరూ వినలేదు.

తెల్లారి కృష్ణగిరి బస్సులో కూర్చున్నాక కవరు విప్పి కొత్త ఏప్రన్ చూసుకున్నాను. మనవరాలు మెరిసిపోవాలని అవ్వ పాతదీ కొత్తదీ ఒకే బకెట్లో ఉతికేసింది. కొత్త ఏప్రన్ నిండా లేత నీలం మచ్చలు! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పక్కసీటు ఆమె "ఏమ్మా, పెయింటింగ్ పనికి పోతా ఉండావా?" అని అడిగితే నవ్వే వచ్చింది. భయపడే దశ దాటిపోయింది. చేతులు దురద పెడుతున్నాయి, ఎప్పుడెప్పుడు కడుగుతానా అని.

ఈసారి ఎగ్జామినర్ ఒక మేడమ్. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ చెదరని చీర, నవ్వు లేని ముఖం. తమిళంలోనే మాట్లాడుతోంది. నన్ను చూడగానే "ఏమిటా మరకలు?" అంది.

"నీలిమందు మేడమ్."

"యూనిఫారానికి ఒక మార్కు తీసేస్తున్నాను," అని అక్కడికక్కడే రాసుకుంది. చీటీ తీయమంది. తీశాను. పుండు కడిగి కట్టు కట్టడం. ఎగిరి గంతేయాలనిపించింది. అవ్వ కాలికి అదే కట్టు కనీసం నలభైసార్లు కట్టి ఉంటాను.

ఏడో నంబరు మంచం మీద పేషెంటు గుర్రప్ప, అంచెట్టి కొండల వైపు రైతు. పార దిగి పాదం తెగింది. పుండు ఒకసారి మానుతూ మానుతూ మళ్లీ చీము పట్టిందట. పద్దెనిమిది రోజులుగా ఇక్కడే ఉన్నాడు.

"సోమవారానికి శుద్ధంగా ఉంటే ఇంటికి పంపిస్తామన్నారమ్మా," అన్నాడు. "నా ఎద్దులు ఎట్ల ఉండాయో ఏమో. రొంత చూసి కట్టమ్మా."

"చూసే కడతాను పెద్దనాయనా. ఎద్దుల పేర్లేంది?" అన్నాను. ఆయన పేర్లు చెబుతుండగానే ట్రే సర్దేశాను.

కొళాయి తిప్పాను. చల్లటి నీళ్లు. అరచేతులు, వేళ్ల సందులు, గోళ్లు, మణికట్లు. కట్టేశాను. చేతులు ఒక్క క్షణం వెనకాడాయి. మేడమ్ కళ్లు నా నడుము మీదే ఉన్నాయి. తలుపు దగ్గర నిలబడ్డ తమిళ్‌సెల్వి మిస్ కళ్లు కూడా అక్కడే. నా చేతులు పైకి లేచాయి! నీళ్లు మోచేతుల మీదుగా టపటపా కారుతుంటే ట్రే దాకా నడిచాను. ఆ పది అడుగులూ నడుస్తుంటే నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

చేతులు తుడుచుకుని, గ్లవ్స్ వేసుకుని, పాత కట్టు విప్పి పుండు కడుగుతున్నాను. ఎర్రగా, ఆరోగ్యంగా కండ పడుతోంది. అప్పుడు మేడమ్ "ఆగు. అంచు దగ్గర గట్టిగా ఉందేమో చూసి ప్రశ్నలు అడుగుతాను," అంది. కొళాయి దగ్గరకు వెళ్లి చేతులు కడుక్కుంది. చాలా చక్కగా కడుక్కుంది. వెనక్కి తిరుగుతూ, నడుములో దోపుకున్న కొంగు లాగి రెండు చేతులూ తుడుచుకుంది. అదే, అచ్చం నాలాగే. ఆమెకు తెలియలేదు. నేరుగా వచ్చి గుర్రప్ప పాదం మీదికి వేళ్లు చాచింది.

ఏం చేయాలి? నా పాసు ఆమె చేతిలో ఉంది. గుర్రప్ప సోమవారమూ ఆమె చేతిలోనే ఉంది. నోరు మూసుకుంటే ఇంకో పది నిమిషాల్లో గండం గడుస్తుంది. అంతా ఆలోచించాను అని ఇప్పుడు చెబుతున్నాను గానీ, నిజానికి ఆలోచించే తీరికే లేదు. పుండుకు నా చెయ్యి అడ్డం పెట్టేశాను. నా నోటి నుంచి తమిళం కాదు, మా ఇంటి తెలుగు ఊడిపడింది.

"ముట్టద్దండి మేడమ్! కొంగుకి తుడిచినారు!"

తమిళ్‌సెల్వి మిస్ కళ్లు మూసుకుంది. మేడమ్ వేళ్లు గాలిలో ఆగిపోయాయి. ఆమె తల వంచి కొంగు చూసుకుంది. అక్కడ తడి మచ్చ ఉంది. ముఖం కందిపోయింది. నా థియేటర్ పోస్టింగ్ పోయిందనే అనుకున్నాను. అయినా పుండుకు అడ్డంగా పెట్టిన చెయ్యి మాత్రం తీయలేదు.

ఆమె మళ్లీ కొళాయి దగ్గరకు వెళ్లింది. మళ్లీ కడుక్కుంది. ఈసారి చేతులు పైకెత్తి పట్టుకుని వచ్చింది. నేను ట్రేలో మిగిలిన గుడ్డ అందించాను. తర్వాత నాలుగు ప్రశ్నలడిగింది, అన్నీ చెప్పాను. కట్టు కట్టాక గుర్రప్ప నాకు మాత్రమే వినబడేలా "పెద్దామెకే చెప్పినావే!" అని కన్ను గీటాడు.

టేబుల్ దగ్గరకు పిలిచి మేడమ్ నా ఏప్రన్ మరకలు మళ్లీ చూసింది. "ఇప్పుడు చెప్పు, ఈ నీలిమందు కత ఏంది?" అని అడిగింది, తెలుగులో. అచ్చు మా ఊరి తెలుగు! నాయన సంగతి, అవ్వ కాళ్ల సంగతి, పొదుగు సంగతి అంతా చెప్పేశాను. నవ్వు లేని ఆ ముఖం నవ్వింది.

"మాది మత్తూరు పక్కన. మా ఇంట్లో పాలిచ్చే ఎనుములు ఉన్నెమ్మా," అంది. "ముప్పై ఏండ్లు ఈ పనిలో ఉండాను. తుడుస్తా ఉండానని ఒక్కరూ చెప్పలేదు. ఎన్ని దినాలకి పోయింది నీకి?"

"తొమ్మిది దినాలకి మేడమ్."

ఆమె కాగితం నా ముందుకు తిప్పింది. పోయినసారి ఎర్ర గీత పడిన చోట, చేతుల శుభ్రత అన్న గడిలో, నేను చూస్తుండగానే పెద్ద టిక్కు పెట్టింది. "థియేటర్లో ఇట్ల నోరు తెరిచేవాళ్లే కావల్ల. పో. ఏప్రన్‌కి తీసిన మార్కు మాత్రం తిరిగి ఇయ్యను," అంది. ఇవ్వకపోతే పోనీ, ఆ మార్కు అవ్వ ఖాతా!

సాయంత్రం బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా సొసైటీకి పరిగెత్తాను. క్యాన్లతో జనం వరసగా నిలబడ్డారు. నాయన లాక్టోమీటరు కడుగుతున్నాడు. నన్ను చూసి ఒకటే అడిగాడు.

"తుడిచినావా?"

"నేను తుడవలేదు నాయనా! పరీక్ష పెట్టే ఆమే తుడిచింది."

"నువ్వేం చేసినావు?"

"మళ్లీ కడగమన్నాను. కడిగింది. పాసు నాయనా, నేను థియేటర్‌కి పోతా ఉండాను!"

నాయన ముఖం వెలిగిపోయింది. కళ్లు చెమర్చాయి. ఆ కంగారులో లాక్టోమీటరు పక్కన పెట్టి, కొళాయి కింద చేతులు కడుక్కుని, రోజూ చేసినట్టే భుజం మీది తువాలుతో తుడుచుకుని, తర్వాతి క్యాను మూత మీద చెయ్యి వేశాడు.

"నాయనా!" అన్నాను.

ఆయన ఆగిపోయాడు. తువాలు చూసుకున్నాడు, నా వైపు చూశాడు, వరసలో నిలబడ్డవాళ్ల వైపు చూశాడు. ఇన్నేళ్లుగా పాలు వెనక్కి పంపించుకున్నవాళ్లంతా ఒక్కసారిగా గొల్లున నవ్వారు. నాయన మాత్రం నవ్వలేదు. తువాలు తీసి నా చేతికిచ్చి, మళ్లీ కొళాయి తిప్పి, అరచేతుల నుంచి మణికట్ల దాకా నేను వరండాలో చేసినట్టే కడిగి, రెండు చేతులూ పైకెత్తి ఆరబెట్టుకుంటూ నిలబడ్డాడు.

ఆ సాయంత్రం మా ఊళ్లో పాలు పావుగంట ఆలస్యంగా కొలిచారు.