ఓడ రోజున మూసిన కొట్టు

ఓడ వచ్చే రోజున కొట్టు మూసేవాడు మా సిమి దీవిలో ఉండడు. వారమంతా ఈగలు తోలుకున్నా, ఆ తెల్ల ఓడ రేవులో దింపే విహారయాత్రికులతోనే మా వారం గడిచిపోతుంది. అలాంటిది ఆ జూలైలో, ఓడ రేవులో ఉండగానే, మధ్యాహ్నానికి నేను అమ్మే సముద్రపు స్పాంజిల బుట్టలన్నీ లోపల పెట్టి తలుపు వేశాను. ఆ రోజు పునీత పాండెలెయిమొన్ పండుగ. నా పేరు పాండెలిస్.

మా గ్రీకు వాళ్ళకు పుట్టినరోజు కంటే పేరు పండుగే పెద్దది. దానికి ఎవరినీ పిలవం. వాకిలి తీసి ఉంచుతాం. గుర్తున్నవాళ్ళు వస్తారు, వచ్చినవాళ్ళకు పెడతాం. మనకెవరు లేరో కూడా ఆ రోజే తేలుతుంది.

నిరుడు అలా తేలినవాడు మా అన్న సొతిరిస్. రేవులో నా కొట్టు పక్కనే అతని హోటలు. నా బుట్టలు అతని బల్లలకు అడ్డమని మాటా మాటా పెరిగి, ఒక బుట్టను సముద్రంలోకి తన్నాడు. స్పాంజిలు తేలుతూ పోతుంటే ఓడ జనం ఫొటోలు తీసుకున్నారు. నేను అతని చేపల కంపు గురించి రేవంతా వినేలా చెప్పాను. ఆ తర్వాత మాటల్లేవు. ఒక ఏడు రాకపోతే కోపం అనుకోవచ్చు. రెండో ఏడూ రాకపోతే అది అలవాటు కింద జమ. ఇక నాకు అన్న లేనట్టే.

"వాకిలి వంక చూడ్డం ఆపి ఆ కుర్చీలు వెయ్యి," అంది నా భార్య ఫొతిని.

"గాలి వస్తుందేమో అని చూస్తున్నా."

"ఆ గాలి పేరు సొతిరిస్ అని నాకు తెలుసులే."

ద్రాక్ష పందిరి కింద బల్లలు వేసి, నీలి గళ్ళ గుడ్డలు పరిచాం. ఊరివాళ్ళు ఎండ తగ్గాకే వస్తారు. వాళ్ళకంటే ముందు ఓడ దిగిన ఇద్దరు వచ్చారు. ఒక గడ్డిటోపీ పెద్దాయన, ఎండకు ముక్కు కందిపోయిన ఆయన భార్య. ఆవిడ కుర్చీలో కూలబడింది. ఆయన తిన్నగా మా వంటింట్లోకి వెళ్ళి గిన్నెల మూతలు ఎత్తి చూడసాగాడు. మా హోటళ్ళలో కావలసింది అలాగే చూసి ఎంచుకుంటారు. ఎవరో చెప్పి ఉంటారు.

"నీకు తెలిసినవాళ్ళా?" అంది ఫొతిని.

"కాదు. హోటలనుకుని వచ్చారు."

"ఎలా వచ్చినా వచ్చారు కదా, పెట్టాలి. మీ చుట్టాలు ఒక్కరైనా ఇంత ఆకలితో వచ్చారా?"

అన్నం కూరిన ద్రాక్షాకులు, కాల్చిన ఆక్టోపస్ పెట్టాం. వాళ్ళు తినడం చూసి సందులో పోయే ఇంకో గుంపు వచ్చింది. దాని వెనక మరొకటి. ఒకాయన వైన్ కోసం నావైపు చిటికె వేశాడు. నేను పరుగెత్తాను. నా వ్యాపారంలో ఇంత గిరాకీ, ఇంత నష్టం ఒకేసారి ఎప్పుడూ చూడలేదు.

అప్పుడు వాకిట్లో సొతిరిస్ కనిపించాడు. నడుముకు వంటగుడ్డ, చేతిలో చేపలు తిప్పే గరిటె.

"స్పాంజిలు చాలక హోటలు కూడా పెట్టావట్రా? నా గిరాకీ అంతా ఈ సందులోకి మళ్ళించావు."

"పేరు పండుగ అన్నయ్యా. వాళ్ళు పొరపాటున వచ్చారు."

"పొరపాటున వచ్చినవాళ్ళు రెండోసారి వడ్డించుకుంటారా?"

ఫొతిని అతని చేతిలో చెర్రీ పాకం గిన్నె, చెంచా, మంచినీళ్ళు పెట్టింది. గడప దాటినవాడు తీపి తిని దీవించాలి. కాదంటే పండుగను అవమానించినట్టు.

"ఇవాళేం రోజో మర్చిపోయారా బావగారూ?"

"మర్చిపోతే పొద్దున్నే మేకపిల్లను ఎందుకు పొయ్యి మీద పెడతానమ్మా? వీడికి తప్ప అది ఎవడికిష్టం?" అని నా వైపు చూడకుండానే పాకం నోట్లో వేసుకున్నాడు. "నూరేళ్ళు బతుకు. దెబ్బలాటకు వంక దొరికింది గనక వచ్చాను. లేకపోతే ఏ మొహంతో వస్తాను?"

తర్వాత ఆక్టోపస్ ముక్క నమిలాడు. "చెప్పులు కుట్టించుకో దీంతో. మెత్తబడేలా బండకేసి బాదావా అసలు?"

గడ్డిటోపీ పెద్దాయన బిల్లు అడిగాడు. సొతిరిస్ తనకొచ్చిన నాలుగు ముక్కల ఇంగ్లీషులో ఇది ఇల్లని, ఇవాళ తన తమ్ముడి పండుగని చెప్పాడు. పెద్దాయన ముఖం భార్య ముక్కు కంటే ఎర్రబడింది. లేచి క్షమించమంటూ టోపీ తీసి నా నెత్తిన పెట్టాడు. ఫొతిని ఆయన్ని మళ్ళీ కూర్చోబెట్టి ఇంకో ముక్క వేసింది.

ఓడ మొదటి కూత వేసింది. దానికీ, బయల్దేరేటప్పుడు వేసే రెండో కూతకూ మధ్య ఒక గంట. మిగిలిన డబ్బులు ఖర్చుచేయడానికి అందరూ రేవు మీద పడే గంట. సొతిరిస్ గరిటె తీసుకుని చెప్పకుండా వెళ్ళిపోయాడు. వ్యాపారి కదా, తప్పులేదనుకున్నాను. అయినా మళ్ళీ వాకిలి వైపే చూశాను.

కాసేపటికి వచ్చాడు. రెండు చేతులా మేకమాంసం తపేలా. చిటికెన వేలికి హోటలు తాళంచెవి.

"మూసేశావా? ఓడ ఇంకా రేవులోనే ఉంది."

"నువ్వు మూయలేదూ? జరుగు, కాలుతోంది."

ఆ గంట విలువ రేవులో ఎవరికైనా తెలుసు. అతను దాన్ని తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. నేను బేరం ఆడలేదు. మాంసంలో ఉప్పు తక్కువైందని మాత్రం చెప్పాను.