నిరుటి ధర

అన్నం వారుస్తుంటే మా ఆయన మళ్లీ అదే మాట అన్నాడు. "నిరుటి ధర వచ్చేదాకా బస్తా కదిలేది లేదు."

మా మిర్చి గుంటూరు కోల్డ్ స్టోరేజీలో పడి ఉంది. కల్లంలో ఉండగా బేరం వచ్చింది, నిరుటికన్నా తక్కువని ఇవ్వలేదు. శ్రావణంలో ఇంకా తగ్గింది, అప్పుడూ ఇవ్వలేదు. ఇప్పుడు దీపావళి కూడా పోయింది. కాయ రంగు దిగిపోతోంది, అద్దె మీద పడుతోంది. నిరుడు నాలుగు రోజులు నిలిచిన ధర ఈయన బుర్రలో మేకులా దిగబడిపోయింది. "ఇన్నాళ్లు ఆగి ఇప్పుడు అమ్మితే ఆగిందంతా దండగేగా," అంటాడు.

నా కంటి ఆపరేషనేమో కాయ అమ్మాకేనంట. బియ్యంలో రాళ్లు కనపడక నిన్న ఒకటి ఆయన పంటి కింద పడితే, "కళ్లు నెత్తికెక్కాయా?" అన్నాడు. నెత్తికెక్కలేదయ్యా, నీ కాయతోపాటే కోల్డ్ స్టోరేజీలో ఉన్నాయి అందామనుకుని మింగేశాను. అసలు ఆ కాయలో సగం బస్తాలు మా అమ్మ పసుపు కుంకుమ కింద నాకిచ్చిన చేలో కాసినవి, నా పేరునే ఉన్నాయి. కోసింది నేను, తాలుకాయలు ఏరింది నేను. చేతుల మంటకి మనవరాలి మొహం ముట్టుకోలేకపోయిన రోజులున్నాయి. పెట్టుబడి లెక్కల్లో పురుగుమందుకి చోటుంది గానీ నా చేతులకి లేదు.

ఆ మనవరాలే, అఖిల, బాపట్లలో వ్యవసాయం చదువుతోంది. సెలవులకొచ్చింది కదా, అడిగింది.

"తాతయ్యా, నీ దగ్గర కాయ లేదు, డబ్బుందనుకో. ఈ రంగు దిగిన కాయని ఇవాళ్టి ధరకి కొని దాస్తావా?"

"నాకేమన్నా పిచ్చా?"

"మరి అమ్మవేం?"

"కొనడం వేరు, అమ్మడం వేరు. నీకు తెలీదులే. ఒసేయ్, మంచినీళ్లు."

నీళ్లిచ్చాను గానీ ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది. ఈ కాపురం నాకు లేదనుకో. ఇవాళ ఎవరన్నా వచ్చి, రాళ్లేరు, కాయలేరు, నీ కన్ను మాత్రం అన్నిటికన్నా ఆఖర్న అంటే, ఊఁ అంటానా? ఇన్నేళ్లు ఓర్చుకుని ఇప్పుడు నోరు తెరిస్తే ఓర్చిందంతా దండగైపోదా అని నేనూ అనుకుంటూ కూర్చున్నాగా. పైగా ఇన్నాళ్లూ ఆయన్ని చూసి నవ్వుకున్నాను.

గంజి చేతులు కడుక్కుని చీర మార్చుకున్నాను.

"అఖిలా, పద గుంటూరు. నా బస్తాలు నేను అమ్ముకుంటాను."

"రేపు ధర పెరిగితే నువ్వే ఏడుస్తావ్," అన్నాడు ఆయన.

"పెరగనీ. ఏడవడానికైనా కళ్లుండాలిగా."