అరువు తెచ్చిన చలికోటు

సింగపూర్‌లో వాళ్లకు తెలిసిన తెలుగువాళ్లెవరూ చలికోట్లు కొనేవారు కాదు. ఏడాది పొడుగునా చెమటలు కారే ఊళ్లో, పదిరోజుల చలి కోసం ఎవరు కొంటారు? యూ టీ పేటలో మంగతాయారు ఆంటీ దగ్గర ఒక ట్రంకుపెట్టె నిండా ఉండేవి. ఫోన్లో కొలతలు చెబితే చాలు. తిరిగొచ్చాక ఉతికి, లెక్క తప్పకుండా అప్పజెప్పాలి.

ఆ డిసెంబరులో శశికాంత్ మూడు తెచ్చాడు. తనకి, భార్య భువనకి, ఏడేళ్ల కూతురు మేదినికి. మంచు చూపిస్తానని పాపకి మూడేళ్లుగా చెబుతూనే ఉన్నాడు. ఈసారి ఫ్రాన్సులో కొండమీద ఓ పల్లెలో చెక్క ఇల్లు కూడా కుదిర్చాడు. నాలుగు రోజుల్లో ప్రయాణమనగా, ఆంగ్ మో కియోలో అతని ఆఫీసువాళ్లు అందరి సెలవులూ రద్దుచేశారు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఏమైపోతాయోనని లోకమంతా వణికిపోతున్న రోజులవి.

"మీరిద్దరూ వెళ్లిరండి. వచ్చే ఏడాది నేనూ తప్పకుండా వస్తా" అన్నాడు.

భువన దెబ్బలాడలేదు. ఆ ఓపిక ఎప్పుడో అయిపోయింది. అతని సీటు ఖాళీగా పోవడమెందుకని, విమానంలో అతని నల్లకోటుని అందులో కూర్చోబెట్టి బెల్టు పెట్టింది.

మూడోరోజు ఆఫీసుకి ఫోన్ చేసింది.

"మీ కోటు లేచి తిరుగుతోందండీ. పాపకి స్కీయింగ్ నేర్పుతోంది. పడితే లేపుతోంది."

"మంచిదే. మరకలు పడనీకు, తిరిగివ్వాలి" అన్నాడు శశికాంత్, స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా.

కొత్త సంవత్సరం వచ్చింది. కంప్యూటర్లకి ఏమీ కాలేదు. అన్నాళ్లు కాపలా కాసినందుకు శశికాంత్‌కి ఓ కాఫీ కప్పు బహుమతిగా ఇచ్చారు.

సెంబవాంగ్ ఫ్లాట్‌కి ముగ్గురూ తిరిగొచ్చారు. ఫొటోల్లో రాతిపలకల ఇంటికప్పులు, చిన్న చర్చి, దాని ముందు తలలేని కోటు చెయ్యి పట్టుకుని మేదిని. పాప అంతలా నవ్వగలదని అతనికి అప్పటిదాకా తెలియదు. కోటు భోజనాల బల్ల దగ్గర అతని కుర్చీలో కూర్చునేది. పాపని బస్సెక్కించేది. పక్కింటి చైనా ఆంటీ లిఫ్టులో దాన్ని "మకాన్ అయిందా, తిన్నావా?" అని పలకరించేది. అది మాట్లాడదు. కానీ పాప చెప్పేవన్నీ చివరిదాకా వింటుంది.

ఫిబ్రవరిలో శశికాంత్ మొదటిసారి సెలవు పెట్టాడు.

"పాపా, స్విమ్మింగ్‌కి వెళ్దామా?"

"కాంట్ లా, కుదరదు. కోటుతో వెళ్తున్నా."

అతను వెంటనే మంగతాయారు ఆంటీకి ఫోన్ చేశాడు. "ఆంటీ, మీ కోట్లు వచ్చి తీసుకెళ్లండి."

ఆదివారం పొద్దున్నే ఆంటీ వచ్చింది. రెండు కోట్లు మడతపెట్టి ఉన్నాయి. మూడోది బాల్కనీలో కూర్చుని మేదినికి జడ వేస్తోంది.

"దాన్ని ఉండనివ్వండి ఆంటీ" అంది భువన. "ఇల్లు అలవాటైపోయింది."

ఆంటీ కోటుని చూసింది. శశికాంత్‌నీ చూసింది. "వాడుకలో ఉన్నదాన్ని నేను లాక్కోనమ్మా. కానీ మూడిచ్చాను, మూడు రావాలి." రెండు కోట్లూ సంచిలో పెట్టి అతని చేతికిచ్చింది. "ఈ రెండూ, నువ్వూ. పద నాయనా."

భువన ఆగమంటుందని ఎదురుచూశాడు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా, ఎన్నిసార్లని ఆగమంటుంది పాపం. అతను చెప్పులేసుకుని ఆంటీ వెనకాలే లిఫ్టు దాకా నడిచాడు.

వెనకనుంచి పరుగు వినిపించింది. మేదిని! అతనికి ప్రాణం లేచొచ్చింది.

పాప మునివేళ్ల మీద నిలబడి, వాళ్లకోసం లిఫ్టు బటన్ నొక్కింది.

"బై బై, అంకుల్" అంది ఎంతో మర్యాదగా.