నలపని కన్ను

ఆ పొద్దు మబ్బు సిద్దిపేట ఇండ్ల కప్పులకు తగిలేంత కిందికి దిగి ఉంది. రాత్రంతా పడ్డ వాన అప్పుడే వెలిసింది. పట్నం నుంచి వస్తున్న కూరగాయల వ్యాను ఊరి మొదట్లోనే ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు, వాటి మీద పెద్ద గుండిగెలు. తెలంగాణ కోసం సమ్మె కట్టిన జనం నినాదాలిస్తూ రోడ్డు మీదే వండుకుని తింటున్న రోజులవి.

వ్యాను ముందు సీట్లో సర్వర్, పక్కన నల్లద్దాలతో కూతురు ఫరీహా. బస్సులు బందై ఈ వ్యాను దొరకడమే గగనమైంది.

సొంతూరు కోహెడలో సర్వర్‌ది దూదేకే పని. ఇంట్లో ఎప్పుడూ నూగు ఎగురుతూనే ఉంటుంది. దాంతో పిల్లకు చిన్ననాటి నుంచి కండ్ల దురద. ముంజేత్తో కండ్లు నలుపుకోవడం ఆమెకు ఊపిరంత అలవాటు. ఏడాదిగా మెత్తలు కుట్టబోతే ఒక్క సూది మూడై కనబడుతోంది. కనుగుడ్డు మీది అద్దంలాంటి పొర పలచబడి ముందుకు పొడుచుకొస్తోందని పట్నం దవాఖానలో చెప్పారు. ఎడమకంటికి అప్పటికే ఆలస్యమైంది. నిన్న కుడికంటికి పై పొర గీకి, పసుపుపచ్చ చుక్కలు వేసి, నీలి వెలుతురు పట్టారు. అంతసేపూ చూపు కదపలేదని డాక్టరమ్మ మెచ్చుకుంది.

"పోయిన చూపు తేలేం. ఉన్నదాన్ని నిలుపుతాం. మానేదాకా నలిపితే మాత్రం ఈ కన్ను కూడా నా చేతిలో లేదు" అంది.

ఇప్పుడు తడికట్టెల పొగ సుడి తిరిగి వ్యానులోకి వస్తోంది. కిటికీ అద్దం ఎత్తితే సగంలోనే ఇరుక్కుంది. వెనక్కి పోదామంటే లారీల వరుస.

"దస్తితోని చేతులు కట్టాల్నా, బిడ్డా?"

"నేనేమన్న బర్రెనా బాపు, కట్టెయ్యనీకి?"

ఫరీహా రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. నల్లద్దాల కింది నుంచి నీళ్లు చెంపల మీదికి కారుతున్నాయి. ఒకసారి కుడిచెయ్యి బయటికొచ్చింది. గడ్డం దాకా లేచింది. అక్కడే ఆగింది, మళ్లీ తొడ కిందికి పోయింది. ఏళ్ల తరబడి తను అరిచి మాన్పించలేని అలవాటును పిల్ల ఒక్కతే పంటి బిగువున పట్టి ఆపుతుంటే, సర్వర్ కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

పొయ్యి దగ్గర వండుతున్న ముసలామె దుర్గవ్వ గరిటెతోనే వ్యాను దగ్గరికొచ్చింది.

"ఏందే, హీరోయిన్ లెక్క కూసున్నవ్? దిగి ఉల్లిగడ్డలు కొయ్యి!"

"నిన్ననే కంటికి ఆపరేషనైంది అవ్వా" అన్నాడు సర్వర్.

"మల్ల గీ పొగలకెందుకు తెచ్చినవయ్యా?"

"తొవ్వ ఆపింది మీరే గదా."

దుర్గవ్వ పిల్ల మొహం చూసింది, తొడల కింద చేతులు చూసింది. గిరుక్కున తిరిగి తన పొయ్యిలోని కట్టెలు బయటికి లాగి బిందెడు నీళ్లు గుమ్మరించింది. పక్క పొయ్యివాళ్లనూ ఆర్పమంది.

"అవ్వా, బియ్యమింక పలుకే ఉన్నయి!" ఎవరో మొత్తుకున్నారు.

"పండ్లున్నయి గద, నములుండ్రి!"

పొగ పలచబడింది. ఫరీహా మెల్లగా చేతులు బయటికి తీసింది. సీటు కుట్లు అరచేతుల్లో ఎర్రగా అచ్చుపడ్డాయి. సర్వర్ ఆమెను దింపాడు. దుర్గవ్వ చేతుల మీద నీళ్లు పోసి, మోదుగాకు విస్తరి ముందు పెట్టింది. ముగ్గురూ జనం నడుమ రోడ్డు మీదే కూర్చున్నారు. నినాదాలు ఆగాయి. పలుకన్నంలో పలచని పప్పు కలుపుకుని అందరూ నములుతున్నారు, మాటాపలుకూ లేకుండా.