తెల్ల పొగ

గడ్డకట్టిన బల్ఖాష్ సరస్సు మీద చేపలు పట్టుకుని, ఉదయాన్నే తిరుగు ప్రయాణం కట్టాం, నేనూ మా అక్క మొగుడు ఓరిన్‌బాసరూ. ఆయన పాత పికప్ మొరాయించింది. అక్కకి జ్వరమొస్తే తొంగిచూడని మనిషికి, బండి ఆగితే ముద్ద దిగదు.

"వెనక పొగ ఎలా ఉందో చూడరా," అన్నాడు తాళం తిప్పుతూ.

"తెల్లగా వస్తోంది బావా."

"అయితే డీజిల్ అందుతోంది, మండడం లేదు. వేడెక్కించే ప్లగ్గులు పోయాయి."

"చలి పడకముందే మార్చమన్నాను. వింటేగా!"

"ముందు నీ నోరు మూసి, చలిమంటకి తెచ్చిన పిడకలు తీయి."

ఇంటి దగ్గర చేసేదే చేశాం. రేకు పళ్ళెంలో పిడకలు రాజేసి ఇంజన్ కిందికి తోశాం. ఆయిల్ వేడెక్కితే ఎంత మొండి బండైనా లేస్తుంది. అరగంట చేతులు కాచుకుంటూ కూర్చున్నాం.

బావ ఎక్కి తాళం తిప్పాడు. రెండుసార్లు దగ్గి ఇంజన్ అందుకుంది. సంబరంతో గంతేశాను. గంతేసిన చోట నా బూట్లు తడిశాయి.

అప్పుడు గుర్తొచ్చింది, మేం నిప్పు పెట్టింది పెరట్లో కాదని. మార్చి నెల మంచుగడ్డ, దాని కింద నాలుగు నిలువుల నీళ్ళు. టైర్ల మధ్య నుంచి ఒక నల్లటి బీట చిటపటమంటూ నా కాళ్ళ దాకా పాకింది.

"దిగు బావా! దిగెయ్!"

బీటని ఆయనా చూశాడు. తలుపు తీసి ఒక కాలు బయట పెట్టాడు. రెండోది యాక్సిలరేటర్ మీదే ఉంది.

"దిగితే ఆగిపోతుందిరా," అన్నాడు ఏడుపు గొంతుతో. "మళ్ళీ స్టార్ట్ కాదు!"