మస్కట్ నర్సు

మా వదినకి వేళాపాళా ఏనాడూ లేదు, చనిపోయి ఏడాదవుతుంటే ఇవాళొచ్చి రాజోలు బస్టాండులో నా ముందు నిలబడి, ఒంటిమీది నర్సుల తెల్లకోటు చూపిస్తూ, "ఇది చంకల్లో పట్టేస్తోంది ప్రసూనా, కొలతలెవరిచ్చారు?" అంటుంది.

నేనే ఇచ్చానని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. మస్కట్‌లో పదకొండేళ్ళు ఒకరింట్లో గిన్నెలు తోమి మాకీ డాబా వేయించిన మనిషిని, బీఏ చదివిన నేను, వీధంతా నర్సుగారని చెప్పుకున్నాను.

బస్టాండు మెల్లగా విమానాశ్రయమవుతుంది, మైకులో మాత్రం అమలాపురం బస్సు గురించే చెబుతున్నారు, వదిన తాడు కట్టిన సూట్‌కేసు నా కాళ్ళ దగ్గర దింపి, గల్ఫ్ వెళ్ళేవాళ్ళు పెట్టెల మీద పెద్దక్షరాలతో పేరు రాసుకునే మార్కరు నా చేతిలో పెడుతుంది.

"పేరు రాయి. కింద పని కూడా రాయి, చదువుకున్నదానివి."

కనకరత్నం అని రాస్తాను, పని దగ్గర చెయ్యి ఆగిపోతుంది, అంతలో పెట్టె మా వసారా గచ్చవుతుంది, కడుపుతో ఉన్న పక్కింటమ్మాయి చెయ్యి చాపి "నర్సుగారూ, బీపీ చూడండి" అంటుంది, వదిన నావంక ఒక్కసారి చూసి "కళ్ళజోడు తేలేదమ్మా" అంటుంది, అచ్చం ఆనాటిలాగే.

"ఆవేళ నిజం చెప్పేయాల్సింది, వదినా."

"చెబితే నువ్వు ఏ మొహం పెట్టుకుని పేరంటాలకి వెళ్తావు?" కోటు బొత్తాలు ఒక్కొక్కటీ విప్పుకుంటుంది. "పదకొండేళ్ళు వాళ్ళ గిన్నెలు తోమాను, ఒక్కనాడు సిగ్గుపడలేదు. మీ వసారాలో కూర్చున్నాకే సిగ్గేసింది."

క్షమించమనబోతే నా నోట్లోంచి సబ్బునురగ వస్తుంది, ఆవిడ కొంగుతో తుడిచి, "ముందు రాయి" అంటుంది.

"అత్తయ్యా, లే."

మధ్యాహ్నం మూడు. వదిన కూతురు సుహాసిని మంచం పక్కన కాగితం, నల్ల మార్కరు పట్టుకుని నిలబడి ఉంది. ఎల్లుండి సంవత్సరీకం. వీధి మొదట్లో కట్టే ఫ్లెక్సీకి మాటలు రాస్తోంది.

"అమ్మ పేరు కింద మస్కట్ నర్సు అని పెట్టనా? నువ్వు అందరికీ అలాగే చెప్పావుగా."

గొంతులో వెటకారం లేదు. ఉన్నా బాగుండును.

వసారాలో బియ్యం ఏరుతున్న పక్కింటివాళ్ళు చేతులాపారు. సుహాసిని చేతిలోంచి మార్కరు తీసుకున్నాను. వాళ్ళకీ వినబడేలా చెప్పాను:

"వద్దు. మీ అమ్మ మస్కట్‌లో ఒకరింట్లో పని చేసింది. నర్సని నేను కల్పించాను. తప్పు నాది."